చేతి నీడకు రంగుల అంచు

"సార్, మీ చేతి నీడకి రంగులొస్తున్నాయి!"

వక్రీభవనం పాఠం మధ్యలో వెనక బెంచీ నుంచి వచ్చిన కేక. తెల్లటి స్లయిడ్ పెట్టి, ప్రొజెక్టర్‌కి అడ్డంగా నిలబడి చెయ్యి ఊపుతున్నాను. మళ్లీ విసురుగా ఊపాను. నిజమే! వేళ్ల నీడ వెంట ఎరుపు, ఆకుపచ్చ, నీలం చారలు పరుగెత్తాయి. చెయ్యి ఆపితే మాయం. పక్క గదికెళ్లి అక్కడి ప్రొజెక్టర్ ముందు ఊపితే మామూలు నల్ల నీడే. ఆ రోజు వక్రీభవనం అటకెక్కింది.

పక్క గదిలోది ఎల్‌సీడీ, మాది డీఎల్‌పీ. గుట్టంతా ఆ తేడాలోనే ఉంది.

డీఎల్‌పీ లోపల చిన్న చిప్ ఉంటుంది. దాని మీద పరిచినవి అద్దాలు! తెర మీది ఒక్కో చుక్కకి ఒక్కో అద్దం. 1024×768 చుక్కల బొమ్మకి 7,86,432 అద్దాలు. తొలి చిప్‌లలో ఒక్కోటి 16 మైక్రోమీటర్లు. తలవెంట్రుక అడ్డుకొలతలో నాలుగు ఇమిడిపోతాయి. అద్దం కింద ఒక మెమరీ గడి. అందులో 1 ఉంటే స్థిరవిద్యుత్ ఆకర్షణకి అద్దం ఇటు ఒరిగి కాంతిని లెన్సులోకి పంపుతుంది. 0 ఉంటే అటు ఒరిగి పక్కకి పారబోస్తుంది. ఒరిగేది 10, 12 డిగ్రీలే.

మరి బూడిదరంగు ఎలా? అద్దానికి తెలిసినవి రెండే భంగిమలు. అందుకని సెకనుకి వేలసార్లు అటూ ఇటూ ఒరుగుతుంది. సగం సేపు ఇటు, సగం సేపు అటు ఉంటే మన కన్ను ఆ రెంటినీ కలిపి బూడిదరంగుగా లెక్కగడుతుంది. వెలుగుని కాలంతో కొలిచి పోస్తున్నారన్నమాట. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

రంగులదీ అదే ఎత్తు. దీపం ముందు రంగుటద్దాల చక్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది. తెర మీదికి ముందు ఎర్ర బొమ్మ, తరవాత పచ్చ, ఆపైన నీలం వస్తాయి. మూడూ ఏకకాలంలో ఎన్నడూ ఉండవు. నా చెయ్యి కదిలేసరికి ఒక్కో రంగుకి నీడ ఒక్కో చోట పడింది. పిల్లవాడు పట్టుకున్నది దాన్నే. ఎల్‌సీడీ కాంతిని ముందే మూడుగా చీల్చి, మూడు పలకల గుండా పంపి, పట్టకంలో కలిపి ఒకేసారి వదులుతుంది. అక్కడ దొరకడానికేమీ లేదు.

ఈ అద్దాల వెనక మనిషి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లోని ల్యారీ హార్న్‌బెక్. 1977లో మొదలుపెట్టి పదేళ్లు అద్దాన్ని కొంచెం కొంచెంగా వంచాలని చూశాడు. కుదరలేదు. 1987లో ఆ కొలతలన్నీ వదిలేసి అటో ఇటో రెండే అన్నాడు, పని జరిగింది. ఆపైన అద్దాలు ఒరిగినచోటే అతుక్కుపోయే పేచీ వచ్చింది. చిన్న స్ప్రింగు కొనలు, కంటికానని కందెన పొర పెట్టి దాన్నీ తీర్చారు. 1996కి ప్రొజెక్టర్లు మార్కెట్లోకొచ్చాయి, 1999లో సినిమా హాళ్లకెక్కాయి, 2015లో హార్న్‌బెక్ చేతికి ఆస్కార్ ప్రతిమ అందింది. ఎప్సన్ ఎల్‌సీడీ ప్రొజెక్టర్ మాత్రం 1989లోనే వచ్చేసింది.

నా మనసు అద్దాల వైపే. అయినా కిటికీలు మూయని తరగతికి కొనమంటే ఎల్‌సీడీకే ఓటేస్తాను. చాలా డీఎల్‌పీల చక్రంలో వెలుగు పెంచడానికి తెల్లటి ముక్క ఒకటి కలుపుతారు. అట్టపెట్టె మీది ల్యూమెన్లు ఆ తెలుపువి. రంగులకి అంత వెలుగు దక్కదు. మామిడిపండు పసుపు ఆవపిండిలా కనబడుతుంది. సుద్దపొడి ఎక్కువైన గదిలో మాత్రం అద్దాలదే పైచేయి. ఎల్‌సీడీ గాలి ఫిల్టర్‌ని తరచూ దులపకపోతే తంటా.

కొట్టుకి వెళ్లినప్పుడు తెల్ల స్లయిడ్ చూసి మురిసిపోకండి. లైట్లు ఆర్పొద్దని చెప్పి, నిండు పసుపు స్లయిడ్ ఒకటి వేయించుకోండి. ఆ తరవాత తెల్లటి తెర ముందు ఒకసారి చెయ్యి ఊపండి.