చలికాలపు పడవలో కుక్కపిల్ల

మన తిరుపతి జిల్లా తూర్పు అంచున, తడ, సూళ్లూరుపేట ప్రాంతములలో, బకింగ్‌హాం కాలువ పులికాటు సరస్సును దాటి మద్రాసు వైపు సాగును. 1806లో మద్రాసు నుండి ఎన్నూరు వరకు మొదలైన ఈ త్రవ్వకము క్రమముగా ఉత్తరమునకు పెరిగినది. 1876-78 నాటి కరవులో పొట్టకూటికై వచ్చిన కూలీలు మద్రాసు నగరములోని భాగమును త్రవ్వి కలిపిన పిమ్మట, నాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి నిలిచినది. ఉప్పు, వంటచెరకు మోసిన పడవలు గడలతోను, తెరచాపలతోను, గట్టున నడచువారు లాగు త్రాళ్లతోను కదలెడివి. పడవవారు రోజుల తరబడి అందులోనే వండుకొని, అందులోనే నిద్రించెడివారు. 1965, 1966 తుపానుల దెబ్బతో ఆ రాకపోకలు చాలవరకు అణగిపోయినవి. కాని ఇంగ్లండులో నేటికిని వేలాది కుటుంబములు కాలువ పడవలనే ఇండ్లుగా చేసికొని, కుక్కలను కూడ పెంచుకొని జీవించుచున్నవి. ఆ పడవలు పొడవున 70 అడుగులున్నను వెడల్పు 7 అడుగులే.

అట్టి ఇరుకు చోట, చలికాలమున, కుక్కపిల్లను బ్రదికించుట ఎట్లు? ఈ ప్రశ్న మాకు పుస్తకములలో తట్టినది కాదు. కొన్నేండ్ల క్రితము కార్తీక మాసపు వానలలో, తడ సమీపమున ఒక జాలరి పడవ ప్రక్కన మేము నిలిచియుండగా, రెండు మాసముల పిల్ల యొకటి వోర మీదినుండి జారి నీట పడినది. అది ఈదినది, చక్కగనే ఈదినది. కాని పడవ ప్రక్క నిలువుగా నుండుటచే ఎక్కుటకు ఆధారము లేక, ఆ చెక్కనే గీరుచు అటునిటు తిరిగినది. గట్టు పది అడుగుల దూరముననే యున్నది. అటు పోవలెనని దానికి తోచలేదు.

కుక్కకు ఈత పుట్టుకతో వచ్చునన్న మాట సగమే నిజము. కాళ్లాడించుట వచ్చును, బయటపడు దారి ఎవరైనను చూపవలెను. కావున పడవలోనికి పిల్ల వచ్చిన నాడే, పడవనుండి గట్టునకు వేయు బల్లపై గోనెపట్టా బిగించి, దానిపై దినమునకు పలుమార్లు నడిపింపవలెను. ఛాతీ చుట్టు పట్టీ కట్టి, వీపుపై చేతికందు పిడి యుంచినచో, పడినప్పుడు పైకి లాగుట సులభము. మెడపట్టీని పట్టి లాగినచో ఊపిరాడదు. పడవ కదలునపుడు పిల్లను లోపలనే యుంచుట మేలు.

ఇక చలి సంగతి. పుట్టిన మొదటి వారమున పిల్లకు వణకి వేడి పుట్టించుకొను శక్తియే యుండదు. తల్లి పొట్టయే దానికి కుంపటి. దాదాపు నాలుగు వారములకు గాని తన వేడిని తాను కాపాడుకొనలేదు. ఎనిమిది వారములు నిండక మునుపు తల్లినుండి వేరుచేసి తెచ్చుట క్రూరమని మా అభిప్రాయము. మన ప్రాంతమున మంచు గడ్డకట్టదు గాని, ఈశాన్య ఋతుపవనపు తేమ తక్కువ శత్రువు కాదు. తడిసిన వెండ్రుకలనుండి వేడి త్వరగా జారిపోవును. పిల్లను పొడిగుడ్డతో చర్మము వరకు తుడిచి, అడుగు చెక్కకు జానెడు ఎత్తున గోనెలు పరచిన పెట్టెలో పడుకొనబెట్టవలెను.

చలికి వెరచి తలుపులు బిగించి లోపల కుంపటి పెట్టుట మరింత ప్రమాదము. బొగ్గులనుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. పిల్లతోపాటు యజమానియు నిద్రలోనే పోవును. ఇంగ్లండు పడవలలో ఆ వాయువును కనిపెట్టు గంట యుండవలెనని 2019లో నిబంధన వచ్చినది.

ఆహారమున మనవారు చేయు పొరపాటు పాలు. కుక్క పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలకంటె రెండింతలు. పాలు మానిన పిల్లకు ఆవుపాలు పోసినచో తరచు విరేచనములగును. మెత్తని అన్నము, ఉడికిన గ్రుడ్డు, ముల్లు తీసిన చేప చాలును. సరస్సు ఉప్పునీటిని త్రాగనీయరాదు. పడవలో ఎలుకలుండును, వాటి మూత్రము కలిసిన నీటివలన లెప్టోస్పైరా రోగము కుక్కకును మనిషికిని సోకును.

ఉర్దూ విభాగపు మిత్రులు కొందరు, కుక్క నోటి తడి తగిలిన పాత్రల మాటేమని మమ్మడిగిరి. వేరు గిన్నె, గడప దగ్గర చోటు అన్నదే మా సమాధానము. గుహవాసుల కథలోని కుక్క పడుకొన్నదియు గడపలోనే కదా! ఏడడుగుల పడవలో గడప ఎక్కడ అని వారు నవ్విరి.

ఇంగ్లండువారి సలహాలలో మనకు చాలని దొకటి కలదు. అచ్చట 1902లోను, మరల ప్రవేశించిన పిమ్మట 1922లోను రేబీసును నిర్మూలించిరి. కావున పడవ కుక్కపిల్లను గూర్చి వారు వ్రాయునపుడు ఆ భయము ముందుకు రాదు. ప్రపంచమున రేబీసు మరణములలో మూడవ వంతునకు పైగా మన దేశముననే జరుగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆడుకొను పిల్ల పండ్లు గీరుట సహజము. ఆ గీతలు పడవలోని బిడ్డల చేతులపైననే పడును. మూడవ మాసమున రేబీసు టీకా, ఏడాదికి మరల ఒకటి తప్పనివి. కరచినచో సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ఆస్పత్రికి పోవలెను. 1885లో పాశ్చర్ మొదటి బాలుని కాపాడినదియు కరచిన పిమ్మట వేసిన టీకాతోనే.

1978లో ప్రపంచమున వ్యాపించిన పార్వో మరియొక గండము. దాని టీకాలు ఆరెనిమిది వారముల వయసున మొదలై పదునారవ వారము వరకు సాగును. అంతవరకు ఊరకుక్కలు తిరుగు గట్టున పిల్లను దింపరాదు. కాని లోకమును చూచి జంకు వీడు వయసును సరిగా అదే! మూడవ వారమునుండి పదునాలుగవ వారములోపల మనుష్యులను, బండ్లను, చప్పుళ్లను చూడని పిల్ల పెద్దదై పిరికిదగును. పిరికికుక్కయే ఎక్కువగా కరచును. కావున బుట్టలో కూర్చుండబెట్టి సంతకు మోసికొనిపోవలెను. విసర్జనకు మాత్రము పడవ మీదనే ఒక తొట్టెలో ఇసుక పోసి, తిన్న వెంటనే, లేచిన వెంటనే అందు నిలుపవలెను. రాత్రి రెండు మూడు మారులు లేవక తప్పదు. టీకాలకు తిరుపతిలో 1955లో స్థాపితమైన పశువైద్య కళాశాల మనకు అందుబాటులో నున్నది.

ఆనాటి తడ పిల్లను జాలరి చేపలబుట్టను నీట వంచి పైకి తీసినాడు. గోనెలో చుట్టగా అది చాలసేపు వణకినది. వణకుట మంచిదే, ఇంకను వేడి పుట్టుచున్నదని దాని అర్థము. మరునాడు మేము పోయి చూచునప్పటికి, పడవనుండి గట్టునకు ఒక పాత బల్ల వేసియున్నది.