జర్దోజీ: సరిగ కుట్టుపని

సరిగ యనగానే తెలుగువారికి చీర యంచు స్ఫురించును. కంచి మొదలగు నేతపట్టణములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు నేతవారికి సరిగ మగ్గముమీదనే పరిచితము. కాని సరిగకు రెండు త్రోవలు కలవు. నేతలో సరిగపోగు వస్త్రముతోడనే పుట్టును. కుట్టులో వస్త్రము సిద్ధమైన పిదప దానిపై చేరును. ఈ రెండవదియే జర్దోజీ. రెండింటిని 'జరీపని' యని కలిపి చెప్పుటచే కుట్టువాని శ్రమ మరుగుపడుచున్నది.

పారసీకమున 'జర్' అనగా బంగారము. 'దోజీ' అనగా కుట్టుపని. పోగు అను నర్థముగల 'తార్' అను మాట 'జర్'తో కూడి మన 'జలతారు' అయినది. మొగలు చక్రవర్తి అక్బరు కాలమున (1556-1605) ఈ పనికి రాజాదరణ మెండుగా లభించెను. దుస్తులు, గుడారములు, ఏనుగుల అలంకారములు దీనితో శోభిల్లెను. లక్నో జర్దోజీకి 2013లో భౌగోళిక గుర్తింపు లభించినది.

పోగు తయారగు విధము తెలియదగినది. పూర్వపద్ధతిలో వెండికడ్డీకి బంగారు రేకు తొడిగి, క్రమముగా సన్నగిల్లు రంధ్రములగుండ లాగుదురు. వెండితోపాటు పైనున్న బంగారమును సాగును. ఆ తీగను చదును చేసినచో 'బాద్లా'. దానిని పట్టుదారముపై చుట్టినచో 'కలాబత్తు'. తీగనే మెలికలుగా చుట్టి గొట్టమువలె చేసినది 'సల్మా'. చిన్న బిళ్ళలు 'సితారా'. వీనినే మనము చమ్కీలందుము. నేడు పెక్కుచోట్ల వెండికి బదులు రాగితీగయు, ప్లాస్టిక్ పోగును వాడుచున్నారు.

కొయ్యచట్రమున గుడ్డను బిగువుగా కట్టి పని చేయుదురు. దీనికి 'కార్చోబ్' అని పేరు. పడుగుపేకలు లేకున్నను తెలుగునాట దీనినే మగ్గమందురు. హైదరాబాదు మొదలగు చోట్ల పెండ్లిరవికెలపై చేయు 'మగ్గం పని' ఇదియే. పలుచని కాగితముపై నమూనా గీసి, గీతలవెంట సూదితో పొడిచి, ఆ రంధ్రములగుండ రంగును గుడ్డపైకి దించుదురు. కలాబత్తును మాటిమాటికి గుడ్డలో దూర్చినచో లోహపుపూత చెడును. కావున దానిని పైననే పరచి, సన్నని దారముతో పట్టుకుట్లు వేయుదురు. సల్మాను ముక్కలుగా కత్తిరించి, పూసలవలె సూదికి గ్రుచ్చి కుట్టుదురు. పువ్వు ఉబ్బెత్తుగా కనబడవలెనన్న అడుగున నూలుత్రాడు పొందుపరతురు. కొక్కెపుమొనగల 'ఆరి' అను పనిముట్టుతో గొలుసుకుట్టు త్వరగా సాగును.

నేడీ పనికి రెండు ముప్పులు కలవు. యంత్రపుకుట్టు చౌకగా దొరకుట యొకటి. పాత సరిగను లోహముకొరకే అమ్ముట రెండవది. కొన్నవారు గుడ్డను కాల్చి, లోహమును కరగించి, వెండిని రాబట్టుదురు. అప్పుడు తూకమునకే వెల వచ్చును. చేతిపనికి చిల్లిగవ్వయు రాదు.

కావున ఇంటనున్న పాతవస్త్రమును అమ్ముటకు ముందు దాని వెనుకవైపు పరిశీలింపవలెను. అచ్చట పట్టుకుట్ల దారము కనబడినచో అది కుట్టుపని. దానిని నీట తడుపరాదు; అత్తరు తగులనీయరాదు; పనిమీదుగా మడత వేయరాదు. మెత్తని నూలుగుడ్డలో చుట్టి, తేమలేని చోట నుంచవలెను. కరగిన వెండితో మరల తీగ తీయవచ్చును. కాలిపోయిన కుట్టును మాత్రము మరల పొందజాలము.