కడలి క్రింది కారుచీకటి

కెనడా దేశపు తూర్పుకొసను, నోవాస్కోషియా రాష్ట్రమున, కేప్ బ్రెటన్ అను దీవి కలదు. 1955లో కాన్సో జలసంధికి అడ్డముగా రాతికట్ట వేసిన పిమ్మట అచ్చటికి బాట సుగమమైనది. హాలిఫాక్సు నగరమునుండి మోటారులో బయలుదేరిన యాత్రికుడు సుమారు 400 కిలోమీటర్లు సాగి, సముద్రపుటొడ్డుననున్న గ్లేస్ బే పట్టణమును చేరును.

ఈ నేలకు సిరి బొగ్గు. 1720లోనే, లూయీబర్గ్ కోట కట్టుచున్న ఫ్రెంచివారు ఈ తీరమున బొగ్గు త్రవ్వించిరి. బొగ్గుపొరలు ఒడ్డున ఆగక, ఏటవాలుగా అట్లాంటిక్ సముద్రము క్రిందికి సాగినవి. వానిని వెంబడించి మనుష్యుడును సాగినాడు. పైన పడవలు, పడవల క్రింద నీరు, నీటి క్రింద రాయి, ఆ రాతి క్రింద మనిషి! సింగరేణి గనులనెరిగిన తెలుగువానికి బొగ్గు కథ క్రొత్తది కాదు; నెత్తిపై సముద్రము మాత్రమే క్రొత్తది.

1967లో ఇచ్చట గనికార్మికుల మ్యూజియము వెలసినది. సందర్శకులు శిరస్త్రాణము ధరించి, దాని అడుగున నున్న సొరంగములోనికి దిగుదురు. దారి చూపువారు ఒకప్పుడు గనిలో చెమటోడ్చిన వృద్ధులే. కప్పు తక్కువ, నడుము వంచక నడువరాదు. పూర్వము పదిపన్నెండేండ్ల బాలురు ఇట్టి చీకటిలో ఒంటరిగా కూర్చుండి, గుఱ్ఱపు బండ్లు వచ్చినపుడెల్ల గాలితలుపులు తీయుచు మూయుచు నుండెడివారు. పలక పట్టవలసిన చేతులు తలుపు పట్టినవి.

కూలి స్వల్పము. అదియు కంపెనీ కొట్టు అప్పుక్రింద తరిగిపోవుచుండెడిది. కార్మికులు దానికి ‘ఈకలు పెరుకు కొట్టు’ అని పేరు పెట్టుకొనిరి. 1925 సమ్మెలో కొట్టు అప్పు నిలిచినది. న్యూ వాటర్‌ఫర్డ్ పట్టణమునకు నీరును, విద్యుత్తును ఆగినవి. జూన్ 11న కార్మికులు విద్యుత్కేంద్రమునకు కదలిరి. కంపెనీ పోలీసులు కాల్చిన గుండుకు విలియం డేవిస్ అను కార్మికుడు నేలకొరిగెను. నాటినుండి ఏటేట ఆ దినమును గనికార్మికులు స్మృతిదినముగా పాటించుచున్నారు.

సొరంగము వెడలి పైకి వచ్చిన యాత్రికునికి వెలుగుతోబాటు హోరుగాలి ఎదురగును. దీవి ఉత్తరభాగమును చుట్టివచ్చు కాబట్ బాటలో కొండ యొకవంక, కడలి వేరొకవంక. షెటికాంపు ప్రాంతమున కొండలమీదినుండి దూకు ఆగ్నేయపు గాలులను అచ్చటివారు ‘సుయెత్’ లందురు. అవి గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగముతో వీచిన సందర్భములు కలవు. 2022 సెప్టెంబరులో ఫియోనా తుపాను ఈ తీరమును అతలాకుతలము చేసినది. ఆ అలలను చూచినవానికి, వానిక్రింద బొగ్గు కొట్టినవారి గుండెదిటవు కొంత బోధపడును.

2001లో ప్రభుత్వసంస్థ నడిపిన కడపటి గని మూతపడినది. కాని పాట ఆగలేదు. 1966లో గనికార్మికులతో ఏర్పడిన ‘మెన్ ఆఫ్ ది డీప్స్’ గాయకబృందము సభాభవనమును చీకటిచేసి, నెత్తిదీపములు వెలిగించుకొని వేదికకు వచ్చును. ముందుగా కనిపించునవి ముఖములు కావు, దీపములే. ఆ చిన్ని వెలుగే నాడు వారిని ఇల్లు చేర్చినది.