శిశువుల బాప్తిస్మము – తల్లుల ప్రశ్న

ఒడిలోని బిడ్డకు జ్వరము హెచ్చినపుడు తల్లి మనస్సు పరిపరివిధముల బోవును. క్రైస్తవ గృహములలో ఆమెకు మఱియొక భయము కూడ కలుగుట కద్దు. "బిడ్డ కింకను బాప్తిస్మము కాలేదే! ఏమైన జరిగినచో ఈ పసిప్రాణమునకు రక్షణ కలుగునా?" అని ఆమె కుమిలిపోవును. పదునాఱువందల యేండ్లుగా మతాచార్యులు దీనిని గూర్చి వాదించుచునే యున్నారు. ఆ వాదముల బరువును మోసినవారు తల్లులు. కావున ఈ విషయమును సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

బాప్తిస్మమనగా తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామమున నీటితో జరుపు సంస్కారము. కథోలికులు దీనిని జ్ఞానస్నానమందురు. పాపక్షమాపణకును, క్రీస్తు సంఘమున ప్రవేశించుటకును ఇది గుఱుతు. ఫిలిప్పీ పట్టణమున ఊదారంగుపొడి నమ్ముచుండిన లూదియ యను స్త్రీ తన యింటివారితో కూడ బాప్తిస్మము పొందెనని అపొస్తలుల కార్యములలో నున్నది. ఆ యింట పసిపాపలు నుండియుందురని కొందఱును, బోధ విని నమ్మినవారే పొందిరని కొందఱును చెప్పుదురు. గ్రంథమున బిడ్డల ప్రస్తావన లేదు. అందుచేత ఉభయులకును వాదమున కవకాశము కలిగినది.

పూర్వకాలమున భక్తులైన తల్లులు సైత మీ సంస్కారమును వాయిదా వేయుట కలదు. ఆఫ్రికాలోని తగస్తె నివాసినియగు మోనికా పరమభక్తురాలు. ఆమె కుమారుడు అగస్టీను బాల్యమున జబ్బుపడి బాప్తిస్మము కోరగా నామె త్వరపడి యేర్పాటులు చేసెను. ఇంతలో జబ్బు నయమయ్యెను. బాప్తిస్మము పొందిన పిదప చేసిన పాపము మఱింత భారమని యెంచి ఆ కార్యమును నిలిపివేసిరి. తుదకు 387లో మిలాను నగరమున అంబ్రోసు బిషప్పు చేత అగస్టీను బాప్తిస్మము పొందెను. ఆ సంవత్సరముననే మోనికా మరణించెను. చిత్రమేమనగా, ఆ అగస్టీనే పిమ్మట, ఆదాము పాపము శిశువులకును సంక్రమించునని, బాప్తిస్మము లేక మరణించిన శిశువులకు మిక్కిలి తేలికయైనదే యైనను శిక్ష తప్పదని బోధించెను.

మధ్యయుగ పండితులు ఆ కాఠిన్యమును కొంత సడలించిరి. అట్టి శిశువులు బాధయు, దైవదర్శనమును లేని లింబో యను తావున నుందురనిరి. అయినను తల్లులకు శాంతి కలుగలేదు. స్విట్జర్లాండులో బెర్ను నగరమునకు చేరువనున్న ఓబర్బూరెన్ మందిరమునకు మృతశిశువులను గొనివచ్చి, నిప్పులసెగను వెచ్చచేసి, పెదవులపై ఈక నుంచెడివారు. ఈక కదలినచో ప్రాణము వచ్చినదని తలంచి తత్‌క్షణమే జ్ఞానస్నానము చేసి పూడ్చిపెట్టెడివారు. 1528లో ఆ మందిరమును కూలద్రోసిరి. 1990 తరువాత జరిగిన త్రవ్వకములలో 200లకు మించిన శిశువుల యెముక లచ్చట బయల్పడినవి. ఆ యెముకల వెనుక నెందఱు తల్లుల కన్నీరున్నదో యోచింపుడు. ప్రాణాపాయమున స్త్రీయైనను, అన్యమతస్థుడైనను బాప్తిస్మ మియ్యవచ్చునని రోమను సంఘము 1439లో స్పష్టపఱచినది. కావున ప్రసవగృహమున మంత్రసానియే గురువు పని చేయుటయు గలదు.

మతసంస్కరణకాలమున వివాదము ముదిరినది. లూథరు, కాల్విను శిశుబాప్తిస్మమును నిలుపుకొనిరి. అయితే విశ్వాసుల బిడ్డలు బాప్తిస్మము లేకయే మరణించినను దేవుని కృపకు దూరము కారని కాల్విను బోధించెను. నమ్మి యొప్పుకొనినవారికే బాప్తిస్మమని 1525లో జూరిచ్చి నగరమున కొందఱు నిలిచిరి. వారిలో ఫెలిక్సు మాంజు అనువానిని 1527 జనవరిలో నదిలో ముంచి చంపిరి. నీటిని గూర్చిన వాదమునకు నీటితోడనే శిక్ష!

మన తెలుగుదేశమున నీ రెండు మార్గములును ఇరుగుపొరుగుననే యున్నవి. 1842లో హైయరు దొర గుంటూరున నాటిన లూథరను సంఘమువారు పసిబిడ్డలకు బాప్తిస్మ మిత్తురు. బాప్టిస్టులు పెద్దవారిని నీట ముంచి యిత్తురు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వీరు శిశువులను సంఘము నెదుట దేవునికి ప్రతిష్ఠింతురు. పుట్టినింట నొక మార్గము, మెట్టినింట నొక మార్గమైనపుడు అత్తాకోడండ్ర నడుమ మాటలు పెరుగుట సహజమే. 1970లో నేర్పడిన ఉత్తర భారత సంఘము రెండు పద్ధతులకును చోటిచ్చినదని అట్టివారు స్మరింతురు గాక.

రోమను సంఘమున సైతము మాట మెత్తబడినది. బాప్తిస్మము లేక మరణించిన శిశువుల రక్షణకై నిరీక్షించుటకు బలమైన హేతువులు గలవని, 16వ బెనెడిక్టు పోపు అనుమతితో 2007లో వారి వేదాంత సమితి ప్రకటించినది. బాప్తిస్మముయొక్క యావశ్యకతను మాత్రము వారు విడువలేదు. సిలువపై క్రీస్తు ప్రక్కనున్న దొంగకు బాప్తిస్మ మెక్కడిది? అయినను అతనికి పరదైసు వాగ్దానమైనది. దేవుడు సంస్కారమును నియమించెను గాని తన కృపను దానికే బంధింపలేదని నేడు పెక్కుమంది క్రైస్తవులు నమ్ముచున్నారు.

బాప్తిస్మమైనను, ప్రతిష్ఠయైనను, బిడ్డను భక్తిమార్గమున పెంచెదమని తలిదండ్రులు మాట యిత్తురు. ఆ మాటను ప్రతిదినము చెల్లించుట తల్లిచేతిలోనున్న పని. ఇక బిడ్డను పోగొట్టుకొనిన సోదరి మన యింటికి వచ్చినపుడు "బాప్తిస్మమైనదా?" యని యడుగకుందుము. పసిపాపలను చేరదీసి యాశీర్వదించిన క్రీస్తు, ఆమె బిడ్డను మాత్రము త్రోసివేయునా? ఆ తల్లికి మనము చెప్పదగిన యోదార్పు ఇదియే.