అడవి గిరిజనుడిది - అద్దె ఎవరిది?

రాజమండ్రి నుంచి మారేడుమిల్లికి కార్లు బారులు తీరుతున్నాయి. పట్నపు బాబులు కొండగాలి పీల్చి, బొంగులో చికెన్ తిని, ఏటి ఒడ్డున ఒక రాత్రి పడుకుని పోతున్నారు. అందుకోసం వలమూరు వద్ద ‘జంగిల్ స్టార్’ క్యాంపు ఉంది. వన సంరక్షణ సమితి పేరుతో, కొండరెడ్ల చాకిరీతో నడిచే క్యాంపు అది. ఊరి జనమే అడవిని కాపాడి నాలుగు రూపాయలు సంపాదించుకుంటే మంచిదే. కాదనేవాళ్లం కాము. మా ప్రశ్న ఒక్కటే: పెత్తనం ఎవరిది?

1882 మద్రాసు అటవీ చట్టంతో తెల్లదొరలు అడవిని రిజర్వు చేసి, పోడును నేరం చేశారు. రోడ్డుపనికి గిరిజనులను తోలి, కూలి ఎగ్గొట్టారు. ఆ మంటే 1922లో రంప పితూరీ అయింది. పోడు కొట్టిన చేతుల్నే నేడు వంట చెయ్యమంటున్నారు, దారి చూపమంటున్నారు. ఆ చేతులకు కూలి మాత్రమేనా, లెక్క అడిగే హక్కు కూడా ఉందా?

సమితులు ప్రభుత్వ ఉత్తర్వులతో పుట్టాయి. ఉత్తర్వుతో వచ్చింది ఉత్తర్వుతో పోవచ్చు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం పార్లమెంటు చేసింది. సామూహిక అడవిని కాపాడే హక్కు, చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్యం అది గిరిజనులకిచ్చింది. వన్యప్రాణులను కాపాడే అధికారం గ్రామసభకిచ్చింది. షెడ్యూల్డు ప్రాంతపు ప్రభుత్వ భూమిని గిరిజనేతర కంపెనీలకు లీజుకివ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1/70 చట్టం ఉండనే ఉంది. ఈ ఆయుధాలు మూలన పడితే, నేటి కుటీరం రేపు షావుకారి హోటలవుతుంది.

ఇది మన్యం గోలే కాదు. ఆఫ్రికాలోని కెన్యాలో మసాయి పశుపాలకులు ఇల్ ఎన్గ్వేసిలో 1996లో తామే యజమానులుగా లాడ్జి తెరిచారు. అదే దేశంలో, తమను సరిగా అడగకుండానే తమ మేత బీళ్లను వన్యప్రాణి క్షేత్రాలు చేశారని ఇసియోలో ప్రాంత జనం కోర్టుకెక్కారు. అటువంటి రెండు క్షేత్రాలు చట్టవిరుద్ధమని 2025 జనవరిలో తీర్పొచ్చింది. రెండుచోట్లా పేరు ‘ప్రజల క్షేత్రమే’. తేడా అల్లా, జనాన్ని అడిగారా లేదా అన్నదే.

డెల్టా కూలన్నలారా! ఎగువ కొండల్లో పడిన వానే వాగులై గోదాట్లో కలిసి, ధవళేశ్వరం దాటి మన కాలవల్లోకొస్తోంది. కొండ బోడైతే మన నాట్లకూ చేటే. అడవిని కాచేవాడి పొట్ట కొడితే అడవి నిలవదు.

అందుకే మనం అడగాల్సింది ఇది: ప్రతి క్యాంపు జమాఖర్చూ గ్రామసభలో, జనానికి తెలిసే భాషలో చదవాలి. పనిచేసేవారికి కనీస వేతనం ముట్టాలి. కొత్త కుటీరం లేవాలంటే ముందు గ్రామసభ ఒప్పుకోవాలి. సామూహిక అటవీ హక్కు పత్రాలు వెంటనే ఇవ్వాలి. అతిథి వస్తాడు, పోతాడు. అడవిలో ఉండేవాడిదే ఆఖరి మాట కావాలి.