లేటెక్సా, సింథటిక్కా?

కొత్తగా వచ్చింది, ధరా ఎక్కువే, కాబట్టి గట్టిగా ఉంటుందని అనుకుంటాం. కండోముల విషయంలో ఆ లెక్క తప్పింది. లాస్ ఏంజెలెస్‌లో 805 జంటలను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మామూలు లేటెక్స్ కండోములు, రెండో జట్టుకు పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి ఇచ్చారు. ఫలితాలు 1999లో వెలువడ్డాయి. చిరగడమో జారిపోవడమో లేటెక్స్‌లో నూటికి 1.6 సార్లు జరిగితే, పాలీయురేథేన్‌లో 8.5 సార్లు జరిగింది. ఆరు నెలల్లో గర్భం వచ్చిన వారి శాతంలో మాత్రం పెద్ద తేడా లేదు. పైగా మంట, దురద వంటి ఇబ్బందులు పాలీయురేథేన్ వాడినవారిలోనే తక్కువ.

కారణం సాగే గుణంలో ఉంది. రబ్బరు చెట్టు పాలతో చేసిన లేటెక్స్ ఎన్నో రెట్లు సాగి, మళ్లీ బిగుసుకుంటుంది. పాలీయురేథేన్ పొర పలచన, వాసన ఉండదు, ఒంటి వెచ్చదనం బాగా తెలుస్తుంది. కానీ అంతగా సాగదు, ఒంటిని అంటిపెట్టుకోదు.

అలాగని సౌకర్యాన్ని చిన్నచూపు చూడకూడదు. రబ్బరు పాలలోని ప్రోటీన్లు కొందరికి పడవు. దురద, దద్దుర్లతో మొదలై, అరుదుగా ఊపిరాడని స్థితికీ చేరుతుంది. అలాంటివారిని 'ఓర్చుకోండి' అనడం అన్యాయం. వాళ్లు కండోమే మానేస్తే గర్భానికీ, హెచ్ఐవీకీ అడ్డు లేకుండా పోతుంది.

ఈ సమస్యకు మెరుగైన జవాబు పాలీఐసోప్రీన్. అమెరికాలో 2008లో అనుమతి పొందిన ఈ రకంలో ఉన్నది రబ్బరు అణువే, కాకపోతే కర్మాగారంలో తయారైంది. అందుకే ఆ ప్రోటీన్లు ఉండవు. మెత్తగా ఉంటుంది, బాగానే సాగుతుంది.

ఇక నూనె సంగతి. మన ఇళ్లలో ముందు చేతికందేది కొబ్బరి నూనె. లేటెక్స్‌కూ, పాలీఐసోప్రీన్‌కూ అది తగిలితే కొద్ది నిమిషాల్లోనే బలం తగ్గి చిరిగే ప్రమాదం ఉంది. వాజలీన్, బేబీ ఆయిల్ కూడా అంతే. నీటితోనో సిలికాన్‌తోనో చేసిన జెల్ వాడాలి. ఈ మూడింటిలో నూనెను తట్టుకునేది పాలీయురేథేన్ ఒక్కటే. పర్సులో నెలల తరబడి వేడికీ ఒరిపిడికీ నలిగిన లేటెక్స్‌నూ నమ్మడానికి లేదు.

అలర్జీ లేనివారికి లేటెక్సే మేలు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది; ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే నిరోధ్ కూడా లేటెక్సే. పడనివారు మెడికల్ షాపులో పాలీఐసోప్రీన్ అని పేరు చెప్పి అడగాలి. ప్యాకెట్ మీద 'అల్ట్రా థిన్' అని ఉన్నంత మాత్రాన అది లేటెక్స్ కాకుండా పోదు.