బిడియపడే శిష్యుడు, దూరానున్న శిష్యుడు

ఆకు రాలని చెట్టొకటి ఉంది, అది ముస్లింను పోలినది, ఏమిటో చెప్పండని దైవప్రవక్త (స) ఒకనాడు తమ అనుచరులను అడిగారు. అందరి ఆలోచనలూ అడవిచెట్ల చుట్టూ తిరిగాయి. అది ఖర్జూర వృక్షమని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)కు తోచింది. కాని పెద్దలుండగా నోరు విప్పడానికి బిడియపడి ఊరుకున్నారు. చెప్పి ఉంటే తనకెంతో సంతోషం కలిగేదని తర్వాత తండ్రి హజ్రత్ ఉమర్ (రజి) అన్నారు.

ఎనభైమంది కూర్చున్న తరగతిలో ఈ బిడియమే పెద్ద అడ్డంకి. తెలిసినవాడూ మాట్లాడడు, తెలియనివాడూ మాట్లాడడు. రెండు మౌనాలనూ ఉపాధ్యాయుడు ‘అర్థమయింది’ అనే లెక్కలో వేసుకుంటాడు.

పూర్వం హదీసు బోధనా సభలకు జనం విరివిగా వచ్చేవారు. మైకులు లేని ఆ రోజుల్లో గురువుగారి మాటను దూరాన కూర్చున్నవారికి బిగ్గరగా తిరిగి చెప్పడానికి ‘ముస్తమ్లీ’ ఉండేవాడు. ఈ పద్ధతి మర్యాదలను గురించి ఇమామ్ సమ్ఆనీ (మరణం హి. 562) ఒక గ్రంథమే రచించారు. అయితే మాట చెవిని చేరడంతో పని ముగిసేది కాదు. శిష్యుడు తాను రాసుకొన్న ప్రతిని మూలంతో సరిపోల్చుకోవాలి. శిష్యుడు చదువుతుంటే గురువు విని దిద్దడమూ ఉండేది. మదరసాలలోనైతే ‘ముయీద్’ అనే సహాయకుడు, గురువు లేచి వెళ్ళాక పాఠాన్ని మళ్ళీ చెప్పి, అర్థం కానిది విప్పి చెప్పేవాడు. ముస్తమ్లీ స్థానాన్ని ఈనాడు మైకు తీసుకొంది. ముయీద్ స్థానం మాత్రం చాలాచోట్ల ఖాళీగానే ఉంది. పై తరగతి విద్యార్థి ఒకరికి పదిమందిని అప్పగిస్తే అది కొంత పూడుతుంది. పేరు లేకుండా ఒక్కొక్క సందేహాన్ని చీటీ మీద రాసివ్వమనడం ఇంకా తేలిక. మర్నాటి పాఠం ఆ చీటీలతోనే మొదలుపెట్టవచ్చు.

దూరవిద్యలో చిక్కు మరొక రకం. హదీసును స్వీకరించే ఎనిమిది మార్గాలను ఇమామ్ ఇబ్నుస్సలాహ్ (మరణం హి. 643) వివరించారు. ఐదవది ‘ముకాతబా’: దూరాన ఉన్న శిష్యునికి గురువు రాసి పంపడం. చిట్టచివరిది ‘విజాదా’: గురువుతో సంబంధమే లేకుండా ఎవరిదో రాతప్రతి చేతికి దొరకడం. పాఠాల కట్ట పోస్టులోనో, వీడియోలు సెల్‌ఫోన్‌కో పంపి, ఏడాది చివర పరీక్ష పెట్టి ఊరుకునే కోర్సు పేరుకు ముకాతబా. నిజానికి విజాదాకే దగ్గర. 1982లో హైదరాబాదులో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం పుస్తకాలతో సరిపెట్టక అధ్యయన కేంద్రాలను కూడా నెలకొల్పింది. అన్ని సంస్థలకూ అంత స్తోమతు ఉండదు. జవాబు పత్రాన్ని వారం పదిరోజుల్లో తిరిగి పంపడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. దానిమీద మార్కులుంటే చాలదు. ఎక్కడ తప్పాడో, ఎందుకు తప్పాడో రెండు వాక్యాలుండాలి. రెండు నెలలు దాటాక ఆ తప్పు రాసినవాడికే గుర్తుండదు.

పురుషుల రద్దీలో తమకు అవకాశం దొరకడం లేదని స్త్రీలు విన్నవించుకోగా, దైవప్రవక్త (స) వారికోసం ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించారు. ఇంటిపట్టున దూరవిద్య చదివే సోదరీమణులకూ వారానికి ఒక గంట, ఫోనులోనైనా సరే, సందేహాలడిగే వేళ ఏర్పాటు చేయాలి.